రెండో ట్రిప్పు

పోయిన వారం నరసరావుపేటలో మా అక్క కూతురు చదివే బడి గేటు ముందు నిలబడి ఉంటే, ఎండుమిరప బస్తాలు నెత్తి దాకా ఎక్కించుకున్న పాత డీజిల్ ఆటో ఒకటి దగ్గుతూ నా పక్కనుంచి పోయింది. మిరప ఘాటూ నల్లటి పొగా కలిసిన ఆ వాసన ముక్కులో దూరగానే వరసగా తుమ్మడం మొదలుపెట్టాను. చుట్టూ ఉన్న తల్లిదండ్రులు తలా ఒక అడుగు వెనక్కి జరిగారు. వాళ్లు జలుబనుకున్నారు. అది జలుబు కాదు, నా ఆరో తరగతి.

ఆరో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఆ రోజు సమావేశం. అక్కా బావా కొట్టు వదిలి రాలేక నన్ను పంపారు. నేను ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో ఉద్యోగం చేస్తాను. మా వాళ్ల లెక్కలో దాన్ని ఖాళీగా ఉండటం అంటారు. మైకు పట్టుకున్న మేడమ్ చాలా శ్రద్ధగా చెప్పారు. ఆరో తరగతి పిల్లల జీవితంలో మలుపట, పెందలాడే పడుకోబెట్టాలట, ఫోను చేతికివ్వకూడదట, రోజూ కాసేపు కూర్చుని మాట్లాడాలట. చివర్లో, రేపు వాన పడొచ్చు అన్నంత తేలిగ్గా, "ఈ వయసులో స్నేహాలు మారిపోతుంటాయి, కంగారు పడకండి" అన్నారు. తల్లిదండ్రులందరూ తలలూపారు. నాకు మాత్రం అరికాలి నుంచి మంట లేచింది. స్నేహాలు వాటంతటవి మారవు మేడమ్, వాటికి కాళ్లు లేవు. పెద్దవాళ్లు మోసుకెళ్లి వేరే చోట పెట్టి వస్తారు. ఈ ముక్క ఆ మైకులో చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను.

మా ఊళ్లో బడి ఐదో తరగతితో ఆగిపోయేది. రెండు గదులు, ఒక సారు. వాన పడితే ఒకే గది, అదే సారు. ఆరుకి మండలంలో ఉన్న హైస్కూలుకి పోవాలి. ఊరికి పొద్దున పూట బస్సు లేదు గనక మాకు దిక్కు మస్తాన్ మామ డీజిల్ ఆటో. పొద్దున పిల్లల్ని, ఆ తర్వాత ఊళ్లో ఎవరి సరుకుంటే దాన్ని వేసుకుని తిరిగే ఆటో అది. మిరపకోతల కాలంలో దాని సీట్ల సందుల్లో చేరిన గింజలు, తొడిమలు, ఎర్రటి పొడి ఏడాదంతా అలాగే ఉండేవి. మేం ఎక్కి కూర్చోగానే తుమ్ములు అందుకునేవాళ్లం. ఒకరు తుమ్మితే ఇంకొకరు, అలా ఆటో మొత్తం తుమ్ముకుంటూ పోతుంటే దారి పొడుగునా పొలాల్లో వాళ్లు తలలెత్తి చూసేవాళ్లు. "ఒరేయ్, హారన్ పనిచెయ్యటంలేదురా, తుమ్మండ్రా గట్టిగా" అనేవాడు మస్తాన్ మామ, గొడ్లు అడ్డమొచ్చినప్పుడల్లా.

వెనక సీటులో ఎడమ చివర నేను, నా పక్కన మౌనిక. వాళ్ల నాన్న సాంబయ్య బాబాయ్‌దీ మా నాన్నదీ ఆనుకుని ఉన్న చేలు. మధ్యలో ఇద్దరికీ కలిపి ఒకే బోరు, వంతులేసుకుని మిరపకి పెట్టుకునే నీళ్లు. నేనూ మౌనికా ఒకటో తరగతి నుంచీ ఒకే పలక మీద చెరో వైపు రాసుకున్నవాళ్లం. దసరా సెలవుల్లో వాళ్ల వసారాలో కూర్చుని అచ్చంగాయలు ఆడేవాళ్లం. వాళ్లమ్మ వేయించిన శనగలు, బెల్లం ముక్క తెచ్చి మధ్యలో పెట్టేది. మౌనిక ఎడం చేత్తో తింటూ కుడి చేత్తో రాయి ఎగరేసి, కింద ఉన్నవన్నీ ఊడ్చి, పైది పడేలోపు నన్ను వెక్కిరించేది కూడా. నాకు ఈ మూడు పనుల్లో ఒకటే బాగా వచ్చేది, శనగలు తినడం.

హైస్కూలు మాకు కొత్త దేశం. గంటకో గంట మోగేది, గంటకో సారు మారేవాడు, ఒకాయన కోపం ఇంకొకాయనకి తెలిసేది కాదు. బెంచీలు పెద్ద తరగతులకే. ఆరో వాళ్లం బండల మీద కూర్చునేవాళ్లం. లేచేసరికి పావడాల వెనక సున్నపు అచ్చులు. హిందీ అనే కొత్త సబ్జెక్టు ఆరులోనే మొదలైంది. అక్షరాల నెత్తిన గీత ఎందుకు అని మౌనిక అడిగితే, బట్టలు ఆరేసినట్టు అన్నీ ఒకే తాడు మీద వేలాడదీశారులే అన్నాను. హిందీ టీచరమ్మ నవ్వాపుకోలేక చాక్‌పీసు కింద పడేసుకుంది. మధ్యాహ్నం బళ్లో పెట్టే అన్నంలోకి ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూరో పండుమిరప పచ్చడో కలుపుకుని, వేపచెట్టు కింద ఒకే పళ్లెంలో ఇద్దరం తినేవాళ్లం. ఇంకో పళ్లెం కడగక్కర్లేదని.

అంతవరకూ నాకు పార్టీ లేదు. ఉండాలని కూడా తెలియదు. వానలు పడ్డాక పంచాయతీ ఎన్నికలొచ్చాయి. సాంబయ్య బాబాయ్ ఒక పార్టీ మనిషి, మా నాన్న ఇంకో పార్టీ మనిషి. ఆ సంగతి వాళ్లకి ముందే తెలుసో, అప్పుడే గుర్తొచ్చిందో గానీ, ఊరు నడిమికి చిరిగినట్టు చిరిగింది. టీకొట్లు రెండయ్యాయి. క్షవరం చేసే ఆయన ఒక్కడే కాబట్టి పొద్దున వాళ్ల గడ్డాలు, సాయంత్రం మా గడ్డాలు గీసేవాడు. వాళ్ల పార్టీ మనిషి సర్పంచయ్యాడు. ఆ మర్నాడు నేను బ్యాగు తగిలించుకుని గడప దాటుతుంటే మా నాన్న పళ్లు తోముకుంటూ, "ఏమే, వాళ్ల పిల్లలెక్కిన ఆటో ఎక్కమాక" అన్నాడు.

"ఉండేది ఒక్కటే ఆటో గదా నాన్నా!"

"అయితే రేపట్నుంచి రెండు."

రెండో ఆటో రాలేదు. ఆటో కొనడం ఎన్నికంత తేలిక కాదు. వచ్చిందల్లా రెండో ట్రిప్పు. రెండు పార్టీల పెద్దలూ వేర్వేరుగా మస్తాన్ మామని పిలిపించుకుని చెప్పారు. గెలిచిన వాళ్ల పిల్లలు మొదటి ట్రిప్పు, ఓడిన వాళ్ల పిల్లలు రెండో ట్రిప్పు. మస్తాన్ మామ తల గోక్కుని, "అదే ఆటో, అదే సీటు, అదే తుమ్ము. మధ్యలో నేను డీజిల్ ఎక్కువ తాగాలి, అంతే గదన్నా?" అన్నాడట. ఎవరూ నవ్వలేదట. మా ఊళ్లో ఓడిన పార్టీ నవ్వడం మానేస్తుంది, గెలిచిన పార్టీకి తీరిక ఉండదు.

ఇంతకీ ఆ చేల మధ్య బోరుకి మాత్రం పార్టీ రాలేదు. పొద్దున వాళ్ల వంతు, సాయంత్రం మా వంతు, మోటారు ఎప్పట్లాగే తిరిగింది. మిరపమొక్క ఎండిపోతే నష్టమని ఇద్దరికీ తెలుసు. ఇది గుర్తొస్తే నాకు ఇప్పటికీ పళ్లు పటపటలాడతాయి. నీళ్లు పంచుకోవడం తెలిసిన ఇద్దరు మగాళ్లకి ఒక సీటు పంచుకోనివ్వడం తెలియలేదు.

రెండో ట్రిప్పు బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయేది. ఆలస్యంగా వచ్చినవాళ్లని మొదటి పీరియడంతా బయట ఎండలో నిలబెట్టేవారు. మొదటి పీరియడు హిందీ. నాకు ఈరోజుకీ హిందీ రాకపోవడానికి కారణం మా ఊరి పంచాయతీ ఎన్నికలు. ఆఫీసు ఫోన్లలో అవతలివాళ్లు హిందీలో మాట్లాడుతుంటే "హా జీ" అంటూ నెట్టుకొస్తాను. మా పార్టీ ఓడిందండీ అని చెబితే వాళ్లకి అర్థం కాదు.

అయినా మేం ఊరుకోలేదు. మౌనిక రోజూ నాకోసం హిందీ నోట్సులో కార్బన్ పేపరు పెట్టి రాసేది. మధ్యాహ్నం వేపచెట్టు కింద అదే పళ్లెం. పార్టీలు ఊరి పొలిమేర దగ్గర ఆగిపోతాయని, బడి దాకా ఆటో ఎక్కి రావని మా నమ్మకం. ఆ నమ్మకం మీద కొన్ని నెలలు హాయిగా గోంగూర తిన్నాం. ఎవరో ఇంట్లో చెప్పారు.

ఆ సంవత్సరం మొత్తంలో మా నాన్న మా బడికి వచ్చింది ఒక్కసారే. ప్రోగ్రెస్ కార్డుకి రాలేదు, నేను ఖోఖోలో కప్పు తెచ్చిన రోజు రాలేదు, కాలు బెణికితే మస్తాన్ మామే ఎత్తుకొచ్చి అరుగు మీద దించాడు. ఆ రోజు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. హెడ్మాస్టరు గారు నన్ను గదిలోకి పిలిపిస్తే వెళ్లి తలుపు పక్కన నిలబడ్డాను.

"మా పాపని సెక్షన్ మార్చాల సార్," అన్నాడు నాన్న.

"ఏ క్లాసండీ?"

నాన్న నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపే, "ఐదు" అన్నాడు.

"ఇక్కడ ఐదు లేదండీ. ఆరు నుంచే."

"అయితే ఆరే. ఏదో ఒకటి మార్చండి సార్."

హెడ్మాస్టరు గారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "కారణం?"

"పక్కన కూర్చునే పిల్లవల్ల చదువు చెడిపోతంది సార్."

"మీ అమ్మాయి క్లాసులో సెకండండీ," అన్నారాయన.

నాన్న మొహం ఒక్క క్షణం వెలిగింది. నిజంగా వెలిగింది, నేను చూశాను. ఆ వెలుగు అక్కడే ఆగి ఉంటే ఈ వ్యాసం వేరేలా ఉండేది. "మరి ఫస్టెవరు?" అన్నాడు.

"సాంబయ్య గారి మౌనిక."

"చూశారా, నే చెప్పలా!" అన్నాడు మా నాన్న, ఏదో రుజువు దొరికినట్టు.

ఆ సాయంత్రానికి నేను బి సెక్షన్. ఏ సెక్షన్‌కీ బి సెక్షన్‌కీ మధ్య ఒక గోడ, గోడలో ఒక కిటికీ, కిటికీకి అవతల మౌనిక జడ కొస. కొన్నాళ్లు ఆ కిటికీలోంచి కార్బన్ కాగితాలు వచ్చాయి. తర్వాత సాంబయ్య బాబాయ్‌కి కూడా ఎవరో చెప్పారు. ఈ విషయంలో రెండు పార్టీలూ పూర్తిగా ఒక్క మాట మీద ఉన్నాయి.

శివరాత్రికి మా ఊరి నుంచి కోటప్పకొండకి ఎప్పుడూ వెదురుతో ఎత్తుగా కట్టి బండి మీద నిలబెట్టిన ప్రభ ఒక్కటే వెళ్లేది. ఆ ఏడు రెండు. ఆకాశానికి నిచ్చెన వేసినట్టు రెండు ప్రభలూ ఒకదాన్ని మించి ఒకటి, వాటి మీద రంగు బల్బులు, కింద జనరేటర్ల హోరు, రెండు మైకుల్లో రెండు పాటలు కలిసి మూడో పాటేదో వినిపించేది. దేవుడికి ఏది ఎవరి ప్రభో తెలిసే అవకాశం లేదు. మేం పిల్లలం జీళ్లు, ఖర్జూరాలు, చెరుకు ముక్కలు నములుతూ మా ప్రభ చుట్టూ మేం, వాళ్ల ప్రభ చుట్టూ వాళ్లు తిరుగుతున్నాం. సందె పడుతుండగా మౌనిక ఎదురుగా కనిపించింది. చేతిలో జీళ్ల పొట్లం, కొత్త పరికిణీ. నన్ను చూసి చెయ్యి సగం పైకెత్తింది. పక్కనే వాళ్ల నాన్న ఉన్నాడని గుర్తొచ్చింది. ఎత్తిన చేతిని ఏం చెయ్యాలో తెలియక దాంతో తల గోక్కుంది. నేనూ ఎత్తాను, మా నాన్న వెనకే ఉన్నాడు, నేనూ తల గోక్కున్నాను. పేలు లేని తలలు రెండు, అంత పెద్ద తిరునాళ్లలో, ఎదురెదురుగా నిలబడి చాలాసేపు గోక్కున్నాయి. రాసేటప్పుడు నవ్వొస్తోంది. ఆ పూట ఇంటికొచ్చి అన్నం తినలేదు. జీళ్లు తిని కడుపు పాడు చేసుకుందని మా అమ్మ వాము నమిలించింది.

ఏడో తరగతికి మౌనికని గుంటూరు హాస్టల్లో వేశారు. నేను రెండో ట్రిప్పులోనే పది దాకా చదివాను.

ఆ తర్వాత, ఎప్పుడో, ఎందుకో నాకెవరూ చెప్పలేదు గానీ, మా నాన్న వాళ్ల పార్టీలోకి మారిపోయాడు. ఒక రోజు సెలవుకి ఇంటికొస్తే ఆయనా సాంబయ్య బాబాయ్ ఒకే టీకొట్టు బల్ల మీద ఒక టీని రెండు గ్లాసుల్లో పోసుకుని తాగుతున్నారు. ఒకరి తొడ మీద ఒకరు చరుచుకుని నవ్వుతున్నారు. నేను అలాగే నిలబడి చూశాను. మమ్మల్ని విడదీసినప్పుడు అంత హడావిడి చేసినవాళ్లు, కలిసిపోయేటప్పుడు ఒక మాట చెప్పి కలవకూడదా? ఎన్నికల ఫలితాలు మైకులో చెప్పారు. ఇది కనీసం చాటింపు కూడా వెయ్యలేదు.

మొన్న సమావేశం నుంచి వచ్చి, శని ఆదివారాలకి ఊరెళ్లాను. నాన్న వరండాలో కూర్చుని శుభలేఖ ఒకటి విసనకర్రలా ఊపుకుంటున్నాడు. "సాంబయ్య కూతురి పెళ్లే ఆదివారం. నువ్వూ రా. ఆ పిల్ల నీ ఈడుదే అనుకుంటా, చానా మంచి పిల్లంట. పరిచయం చేస్తాలే," అన్నాడు.

నేను కోప్పడదామనుకున్నాను. ఆయన మొహంలో వెతికాను. తప్పు దాచినట్టు లేదు, నటిస్తున్నట్టు లేదు. నిజంగానే ఏమీ లేదు అక్కడ. నా ఆరో తరగతి మొత్తం ఆయన తలలో ఐదో తరగతి దగ్గరే ఆగిపోయి ఉంది.

పెళ్లికి వెళ్లాం. దారిలో పసుపు రంగు బడి బస్సు ఒకటి ఆదివారం గనక చెట్టు కింద నిలిపి ఉంది. ఇప్పుడు ఊరి పిల్లలందరూ అందులోనే పోతారట, ఏ పార్టీ అని బస్సు అడగదట. మస్తాన్ మామ ఆటో పాత ఇనుముకి పోయింది. క్షవరం ఆయన గడ్డాలన్నీ పొద్దునే గీసేస్తున్నాడు. ఊరికి ఒకే ప్రభ. గొడవ జరిగిన గుర్తు ఒక్కటీ మిగల్లేదు, నేనూ మౌనికా తప్ప.

స్టేజీ మీదకి నన్ను నాన్నే తీసుకెళ్లాడు. "అమ్మా, ఇది మా చిన్నమ్మాయి," అన్నాడు మౌనికతో. సాంబయ్య బాబాయ్ పక్కన నిలబడి పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. మౌనిక పూలజడ బరువుకి మెడ తిప్పలేక కళ్లు మాత్రం తిప్పి నన్ను చూసింది. చెయ్యి కొంచెం పైకి లేచింది. పట్టుచీర కొంగు సర్దుకోబోయిందనుకున్నాను. ఆ చేత్తో నెమ్మదిగా, పాపిటబిళ్ల పక్కన, తల గోక్కుంది.

"ఏమే, ఏ ట్రిప్పులో వచ్చావ్?" అంది.

"రెండోదే," అన్నాను. "నీ పెళ్లికి కూడా లేటే."

ఇద్దరం నవ్వాం. మౌనిక కాటుక చెదిరింది, నా ముక్కు కారింది, ఫోటో ఆయన "ఇటు చూడండమ్మా" అని అరుస్తున్నాడు. మాకు చెరో వైపు నిలబడ్డ నాన్నలిద్దరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

"ట్రిప్పేందిరా?" అని మా నాన్న అడిగాడు.

"ఏమో, నాకేం తెలుసు," అన్నాడు సాంబయ్య బాబాయ్.