డునెడిన్ సంబంధం

న్యూజిలాండ్‌లోని హామిల్టన్ తెలుగువాళ్లలో ఏ పెళ్లి కుదిరినా అందులో నర్సు రాహేలమ్మ చెయ్యి ఉండాల్సిందే. 2006లో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక ఆమె చర్చి వంటగదిలో టీ పెడుతుంటే హాల్లోంచి భర్త యేసుదానం గొంతు వినిపించింది.

"డునెడిన్ కుర్రాడు బంగారం. కాకపోతే కోపం, గొడవలు. వాళ్లు వదిలించుకోవాలని చూస్తున్నారంట."

"మనవాళ్లిద్దర్నిచ్చి వాణ్ణి తెచ్చుకుంటే?" అన్నాడు అతని స్నేహితుడు ఎలియాస్.

రాహేలమ్మకు ఒళ్లు మండిపోయింది. తనకు తెలియకుండా సంబంధమా, అదీ కుండమార్పిడా? గరిటెతోనే హాల్లోకి వచ్చింది.

"ఆ కోపిష్టోడికి ఇద్దరు పిల్లల్నిస్తారా? ఎవరి పిల్లలు?"

హాలంతా గొల్లుమంది. "పిల్లలు కాదే, మన హామిల్టన్ బాస్కెట్‌బాల్ జట్టు ఆటగాళ్లు. వాళ్లనిచ్చి డునెడిన్ జట్టు నుంచి వాణ్ణి తెచ్చుకుంటే ఎలా ఉంటుందని," అన్నాడు యేసుదానం కళ్లు తుడుచుకుంటూ.

రాహేలమ్మకూ నవ్వొచ్చింది కానీ బయటపడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సరే, ఆ కుర్రాడికి అక్కడ వండిపెట్టేదెవరు?"

వాడు ఏ మ్యాచ్‌లో ఎన్ని పాయింట్లు కొట్టాడో అప్పజెప్పగల మగవాళ్లలో ఒక్కరికీ అది తెలియదు.

"అది కనుక్కోకుండానే మాటలు కలిపేశారా? ఎవర్నీ ఇవ్వక్కర్లేదు. ఈసారి ఇక్కడికి ఆడటానికొచ్చినప్పుడు మనింటికి భోజనానికి పిలవండి. నా చేపల పులుసు తిన్నాక వాడే ఇల్లరికం వస్తాడు."