అడ్డొచ్చిన చూరు

మా డ్రాయింగు మాస్టారు పోయారని మా అన్నయ్య ఫోను చేసినప్పుడు, నేను శ్రీకాకుళంలో ఒక బిల్డరు ఆఫీసులో కూర్చుని, ఇంకా కట్టని డూప్లెక్సు ఇంటిని కంప్యూటరులో అటూ ఇటూ తిప్పుతున్నాను. "పొద్దున్న టీ తాగి, పీట మీదే ఒరిగిపోయారటే," అన్నాడు అన్నయ్య. ఈలోగా బిల్డరు వచ్చి బాల్కనీ ఇంకాస్త ముందుకు లాగమన్నాడు. లాగాను. ఆ తరవాత బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను.

కోటబొమ్మాళి దగ్గర మా ఊళ్లో ఆయనది మా వీధే. మా వైపు వీధుల సంగతి తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇళ్లన్నీ ఒకదానికొకటి అంటుకుని వరసగా ఉంటాయి. గోడ ఇద్దరిదీ, అరుగు అందరిదీ. పెంకుల చూరులు ఎంత కిందికి దిగి ఉంటాయంటే, కొత్తల్లుడైనా తల వంచకుండా లోపలికి రాలేడు. మాస్టారు హైస్కూల్లో పని చేసినన్నాళ్లూ, రిటైరయ్యాక కూడా, సాయంత్రాలు తన అరుగు చివర, చూరు కింద, చిన్న పీట వేసుకుని కూర్చునేవారు. బొమ్మల మీద సరదా ఉన్న పిల్లలం ఆయన చుట్టూ చేరేవాళ్లం.

దగ్గరివి పెద్దగా, దూరానివి చిన్నగా ఎలా గీయాలో నేర్పడానికి ఆయనకో పద్ధతి ఉండేది. పిల్లని పీట మీద నిటారుగా కూర్చోబెట్టి, కన్ను ఎంత ఎత్తులో ఉందో చూరు మోసే రాట మీద బొగ్గుతో గుర్తు పెట్టేవారు. అక్కడ ఒక మేకు కొట్టి, దాన్నుంచి అవతలి రాటకి అడ్డంగా నల్లదారం కట్టేవారు. "ఇది నీ కంటి గీత. దీనికి పైనున్నయి దూరమెల్తే కిందికి దిగుతాయి, కిందున్నయి పైకెక్కుతాయి. మిగతాదంతా ఓపికే," అనేవారు. ఒక్కో పిల్లకీ ఒక్కో మేకు. "రాటకి అమ్మోరు పోసినట్టు ఈ మేకులేటి?" అని అమ్మగారు, అంటే మాస్టారి భార్య, విసుక్కునేది. మాస్టారికి వినపడేది కాదు. వినపడనట్టు ఉండేవారేమో.

నా మేకు కొట్టిన రోజే నాకు బుద్ధి వచ్చింది. ఎదురింటి పెంకులు సరిగ్గా కనపడటం లేదని పీట మీంచి చటుక్కున లేచాను. చూరు వాసం ఠంగుమని నడినెత్తిన తగిలింది. నేను ఏడుస్తుంటే మాస్టారు తడిగుడ్డ తెచ్చి అద్దుతూనే తిట్టారు. "ఎందుకు లెగిసావే గుంటా? కన్ను కదిలితే ఊరంతా కదిలిపోతాది. ముందు నువ్వెక్కడున్నావో తెలుసుకో. ఇల్లు తరవాత గీద్దువుగాని."

ఆయన మాత్రం కదిలేవారు కాదు. వీధిలో ఎవరైనా పలకరిస్తే తల తిప్పకుండా ఎడంచెయ్యి ఒక్కటే ఎత్తేవారు. కొత్తవాళ్లు పొగరనుకునేవారు. రబ్బరు పొట్టు నోటితో ఊదనిచ్చేవారు కాదు, తుంపరలు పడతాయని. దానికోసం చెవి మీద ఒక కోడి ఈక పెట్టుకుని తిరిగేవారు. ఒకసారి ఆ ఈకతోనే పెళ్లికి వెళ్లిపోయారని అమ్మగారు ఇప్పటికీ చెబుతుంది.

కంప్యూటరంటే ఆయనకు కోపం ఉండేదని మీరు అనుకోవచ్చు. అదేమీ లేదు. కిందటేడు ఊరు వెళ్లినప్పుడు లాప్‌టాప్‌లో నేను కట్టిన ఇంటి నమూనా చూపిస్తే, వేలితో దాన్ని గిరగిరా తిప్పి చిన్నపిల్లాడిలా నవ్వారు. "బాగున్నాదే! మేము ఇంటి సుట్టూ తిరిగేవోలం. ఇది ఇంటినే తిప్పేస్తన్నాది," అన్నారు. వేలు తీసి, "మరి ఇందులో నువ్వెక్కడ కూకున్నావు?" అని అడిగారు.

"నేనెక్కడా లేను మాస్టారూ. కెమేరా అని ఒకటుంటుంది. దాని ఎత్తు అదే పెట్టుకుంటుంది."

"ఎంతెత్తు?"

"నిలబడ్డ మనిషి కన్ను ఎత్తు."

"ఓహో," అన్నారాయన. ఆ "ఓహో"ని నేను మెప్పు అనుకున్నాను.

ఆయన పోయిన మూడో నాడు అమ్మగారు నన్ను పిలిచింది. పెద్దకర్మకి పెట్టడానికి సరైన ఫోటో లేదు. ఉన్న ఒక్కదాన్నీ పెద్దది చేయిస్తే మొహం అలికేసినట్టు వచ్చింది. "ఇది ఆయనేటి? ఎవులో లాగున్నారు," అంది. "నువ్వొక పని సేసిపెట్టే. ఆయన ఆ పీట మీద కూకుంటే మన ఈది ఎలాగ కనిపించీదో, అది గీసి పెట్టు. దండ దానికేస్తాం. తరవాత ఆ గోడకే ఉంచేస్తాను." సరేనన్నాను. ఇంత మంచి పని నాకు అప్పజెప్పిందని గర్వపడ్డాను కూడా.

ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. అది సాకే, తెలుసు. వీధిని నాలుగు ఫోటోలు తీసుకుని వెళ్లి, మా వీధి మొత్తాన్ని కంప్యూటరులో నమూనాగా కట్టాను. మాస్టారి అరుగు మీద, పీట ఉండే చోటే కెమేరా పెట్టాను. ఎత్తు సంగతి చూడలేదు. తెర మీద ఏమీ కనపడలేదు, మా వైపు చూరు అడ్డొచ్చింది. ఒక్క బటను నొక్కి ఆ చూరు తీసేశాను. వీధి చివరిదాకా ఎదుటి ఇళ్ల పెంకులు ఎంత అందంగా వచ్చాయో! దాన్ని ప్రింటు తీసి, పైన పల్చటి కాగితం పరిచి, పెన్సిల్‌తో దిద్దాను. పెంకు పెంకుకీ నీడ వేశాను.

పెద్దకర్మ నాడు ఆ బొమ్మ అరుగు మీద కుర్చీలో, బంతిపూల దండతో ఉంది. భోజనాలకి వచ్చిన వాళ్లు ఒక్కొక్కరే ఆగి చూస్తున్నారు. "అచ్చం మాస్టారి సెయ్యే వచ్చీసింది గుంటకి," అన్నాడు ఎదురింటి పెద్దాయన. ఎవరో నా తల నిమిరారు. నాకు లోలోపల బాగానే ఉంది. అది చెప్పడానికే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

కుర్చీలు చాలలేదు. "ఆయన పీట మీద కూకోవే, నీకేటి?" అంది అమ్మగారు. కూర్చున్నాను. తలెత్తాను.

ఎదురింటి పెంకులు ఒక్కటీ కనపడలేదు. మా వైపు చూరు పైనుంచి సగం వీధిని మూసేసింది. దాని కింద నుంచి ఎదుటి చూరుల లోపలి వైపు కనపడుతోంది. వాసాల మధ్య గుచ్చిన కొడవళ్లు, పిచ్చుకల కోసం వేలాడదీసిన వరికంకుల కుచ్చు, ఎవరిదో గొడుగు. ఆ అరుగు మీద వరసగా కూర్చున్న ఆడవాళ్లు, దగ్గరి వాళ్లయినా దూరపు వాళ్లయినా, అందరి కళ్లూ నా కళ్లకు సమానంగా ఉన్నాయి. నా బొమ్మలో వీటిలో ఏ ఒక్కటీ లేదు. నేను కెమేరా పెట్టిన ఎత్తులో ఇక్కడ మనిషి నిలబడితే నెత్తి చూరుకి కొట్టుకుంటుంది. అది నా నెత్తికి తెలిసిన సంగతే. మాస్టారిది కానే కాని చూపుకి దండ వేయించాను. పైగా ఆయన నెత్తి మీది చూరు పీకేసి మరీ గీశాను.

జనం వెళ్లాక అమ్మగారితో చెప్పేశాను. "ఇది మాస్టారు చూసిన వీధి కాదమ్మా. నేను తప్పు గీశాను."

ఆవిడ బొమ్మ వైపు చూసింది. "నాకెలాగ తెలుస్తాదే? నాను ఆ పీట మీద ఎప్పుడైనా కూకున్నానేటి? ఇన్నేళ్లూ అంతసేపు ఏటి సూసీవోరో తెలుస్తాదనే కదా నిన్ను గీయమన్నాను."

ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టాను. మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చుంది. వెన్ను నిటారుగా పెట్టమన్నాను.

"ఓలమ్మ! ఎదరోలి సూరులో పిచ్చుక గూడున్నాదే," అంది. "అదా ఈయన సూసీది!"

నేను పక్కన మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు ఆవిడ కళ్ల ఎత్తుకి తెచ్చుకుని, కొత్త కాగితం తీశాను. అన్నిటికంటే ముందు, పైనుంచి సగం కాగితం కమ్మేసేలా, మా నెత్తి మీది చూరు గీశాను.