మహాగ్రహణంలో ఇస్త్రీ ఆవిడ

మా ఆఫీసులో సూర్యుల్ని ఆర్పే లెక్క చూసేది అతుకుల మాస్టారు. ఆయన్ని చూస్తే ఎవరూ నమ్మరు. బల్లమీద చీమ కనిపిస్తే కాగితం మీదికి ఎక్కించుకుని, కిటికీ దాకా మోసుకెళ్ళి, జాగ్రత్తగా దింపి వచ్చే రకం. అలాంటి మనిషి ముప్ఫయ్యేళ్ళుగా ఏ సూర్యుడు ఎప్పుడు ఆరిపోయాడు, వాడి వెలుగు మీద బతికే లోకాలు ఎన్ని చీకటైపోయాయి అని చీటీలు రాసుకుంటూ కూర్చున్నారు.

మహాగ్రహణం ఒక ఆయుధం. కథలో ఆయుధం లెండి, కంగారు పడకండి. ఆకాశంలో తేలే పెద్ద గొట్టం. ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలంటే పన్నెండు రోజులు. దాన్ని ఏ సూర్యుడి వైపు తిప్పితే ఆ సూర్యుడు ఆరిపోతాడు. ఎప్పుడో ఒక్క నవలలో ఇరవై పేజీలపాటు కనిపించిన ఈ గొట్టం జనానికి తెగ నచ్చేసింది. నవలలు అచ్చేసే మా యజమాని ఊరుకుంటారా? దానిమీద ఇంకో నవల రాయించారు, దానిమీద మరొకటి. వాటిని మేం పిల్ల నవలలు అంటాం. ఇప్పటికి ముప్ఫై నాలుగు. ఆ తర్వాత వీడియో గేములు వచ్చాయి, అవి ఐదు. రాసేవాళ్ళు పదహారుమంది. ఒకరు రాసింది ఇంకొకరు చదివిన పాపాన పోరు.

అందువల్ల ఒక నవలలో గొట్టానికి మూడు తలుపులుంటే ఇంకో నవలలో నాలుగు ఉంటాయి. అలాంటప్పుడు మూడన్నదీ నాలుగన్నదీ కూడా నిజమే అయ్యేలా సర్దడం మాస్టారి పని. 'నాలుగో తలుపు మరమ్మతుల కోసం తాత్కాలికంగా తెరిచారు' అని ఒక చీటీ రాసి చెక్క సొరుగులో పెడతారు. దాన్నే అతుకు అంటాం. ఆయన పేరుకి ముందు అది అలాగే అతుక్కుపోయింది. ఏ పుస్తకాన్నీ తప్పు అనకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం. "అచ్చయితే జరిగినట్టే" అంటారు.

అతుకుల్లో ఆయన ఘనుడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఒక సూర్యుణ్ణి ఆర్పాక గొట్టం చల్లారడానికి పదకొండు రోజులు పడుతుందని నవలల్లో ఉంది. గేములో పదకొండు రోజులు ఎవడు కూర్చుంటాడు? గేములవాళ్ళు పదకొండు నిమిషాలు చేసేశారు. మాస్టారు ఒక పూట ఆలోచించి, 'అత్యవసరమైతే నిమిషాల్లో చల్లార్చే మీట ఉంది, కానీ దాన్ని నొక్కిన ప్రతిసారీ గొట్టం ఆయుష్షు తగ్గుతుంది' అని రాశారు. ఆ ఒక్క చీటీని పట్టుకుని తర్వాత మూడు నవలలు వచ్చాయి. వాటి మీద పేర్లు మాత్రం వేరేవాళ్ళవి.

నేను ప్రూఫులు దిద్దుతాను. పన్నెండేళ్ళుగా నా బల్ల ఆయన బల్లకి ఎదురుగా ఉంది. నాకు నోరు ఎక్కువని పేరు, అది నిజమే. ఆయనకి అసలు లేదు. ఆదివారాలు కూడా ఆఫీసుకి వస్తారు, తాళంచెవి ఆయన దగ్గరే ఉంటుంది. ఫోను మోగితే నూటికి తొంభైసార్లు రాంగ్ నంబరే. అయినా వెంటనే పెట్టేయరు. "ఎవరు కావాలండీ? ఏ వీధి? అయ్యో, ఆ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారేమో చూశారా?" అని ఐదు నిమిషాలు మాట్లాడతారు. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత తర్వాత నవ్వలేకపోయాను.

ఒకసారి ఆయనకి జ్వరం వస్తే మందులు ఇవ్వడానికి ఇంటికి వెళ్ళాను. రెండు గదులు. కిటికీ దగ్గర ఒక కుర్చీ. రెండో కుర్చీ మీద పాత పేపర్లు మనిషి కూర్చున్నంత ఎత్తున ఉన్నాయి. నన్ను కూర్చోమనడానికి వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక ఆ జ్వరంలోనే అటూ ఇటూ మోశారు. చివరికి నేను నిలబడే మాట్లాడి వచ్చేశాను. దారంతా నాకు ఎందుకో కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియదు.

ఆయన భార్య మా ఆఫీసులోనే టైపిస్టుగా చేసేదట. నేను చేరేనాటికే పోయింది. అదీ మా బైండరు తాత చెబితేనే తెలిసింది. మాస్టారి నోట ఆవిడ ప్రస్తావన ఒక్కనాడూ వినలేదు.

ఇక ఇస్త్రీ ఆవిడ సంగతి. మహాగ్రహణంలో వేలమంది సైనికులు ఉంటారు కదా, వాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ ఒకతె మూడో అంతస్తులో ఉంటుంది. నాలుగో నవలలో మొదటిసారి వచ్చింది. సేనాధిపతి తన మొట్టమొదటి సూర్యుణ్ణి ఆర్పి, ఛాతీ విరుచుకుని ఇస్త్రీ గదిలోకి వచ్చి గొప్పగా ఆ మాట చెబుతాడు. ఆవిడ చేతిలోని ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, "ఆర్పితే ఆర్పారు గానీ, ఇప్పుడు అక్కడి ఆడవాళ్ళు తడి బట్టలు ఎక్కడ ఆరేసుకుంటారు?" అని అడుగుతుంది. ముప్ఫై నాలుగు నవలల్లో ఆ గొట్టాన్ని ఎవరైనా నిలదీశారంటే ఈవిడే. గేముల్లో కూడా ఉంది. ఆవిడ దగ్గరికి వెళ్తే మీ చొక్కా ఇస్త్రీ చేసి ఇస్తుంది, ఆటలో అందువల్ల చిల్లిగవ్వ ప్రయోజనం లేదు, అయినా పిల్లలు వరసలో నిలబడి మరీ చేయించుకుంటారు.

కొత్తగా రాయడానికి ఎవరొచ్చినా మాస్టారు అందించే చీటీల్లో పైన ఇదొకటి ఉండేది. 'ఇస్త్రీ ఆవిడ: బతికే ఉంది. మూడో అంతస్తు.' దానివల్ల ఎవరో ఒకరు ఆవిడకి ఒకటి రెండు మాటలు రాస్తూ వచ్చారు.

మొన్న వానాకాలంలో గేముల కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. మర్యాద గల పిల్ల. మాస్టారిని సర్ అంటూ నిలబడే మాట్లాడింది.

"సర్, ఇది ఆఖరి గేము. ఇందులో మహాగ్రహణం పేలిపోతుంది. లోపల ఉన్నవాళ్ళు ఎవరూ మిగలరు. అందుకని ఎవరెవరున్నారో జాబితా కావాలి. మీ చీటీలన్నీ సరిపోయాయి సర్, ఒక్కటి తప్ప."

ఆరో నవల, రెండువందల పదకొండో పేజీ చూపించింది. ఆవిరి పైపు పగిలిన ఘట్టం. 'ఇస్త్రీ గదిలోని ఆవిడ కూడా పోయింది' అని ఒకే ఒక్క వాక్యం. ఎవరో పాఠకుడు పట్టుకుని ఇంటర్నెట్‌లో గోల చేస్తున్నాడట. ఆరులో చచ్చిన మనిషి తొమ్మిదిలో ఎలా లేచి వచ్చిందని.

"దానికి అతుకు ఉందమ్మా," అన్నారు మాస్టారు. "ఆ రోజు గదిలో ఉన్నది ఆవిడ కాదు. ఆవిడ బదులు పనికి వచ్చిన మనిషి."

"ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు సర్, మీ చీటీలోనే ఉంది. చీటీ చూపిస్తే వాళ్ళు ఒప్పుకోరు. ఆవిడ ఆరులోనే పోయిందా, పేలినప్పుడు లోపల ఉందా, ముందే దిగి వెళ్ళిపోయిందా? ఏదో ఒకటి శుక్రవారంలోగా మీ సంతకంతో ఇచ్చేయండి. ఆ తర్వాత ఇంక మారదు."

ఆ పిల్ల వెళ్ళాక ఆయన ముఖం చూసి భయపడ్డాను. ఎవరిదో ప్రాణం మీదికొచ్చినట్టు ఉంది. "ఇదేం పెద్ద పనని? ముందే సెలవు పెట్టి దిగిపోయిందని రాసేయండి. పీడా వదులుతుంది, ఆవిడా బతికిపోతుంది," అన్నాను.

"ఎక్కడికి దిగుతుందమ్మాయ్? మన పుస్తకాల్లో గొట్టం బయట ఊరేదీ? దిగితే బతుకుతుంది, నిజమే. కానీ ఆవిడ గురించి ఇంకెవరూ ఒక్క వాక్యం రాయరు. మాటా పలుకూ లేకుండా ఎక్కడో ఉంటుంది, అంతే."

"అయితే ఉండనివ్వండి! కాగితం మీద మనిషే కదా మాస్టారూ," అన్నాను. నా నోటికి తాళం లేదని మా అమ్మ ఊరికే అనదు.

ఆయన తెరిచి ఉన్న సొరుగు మూశారు. తర్వాత చెప్పారు.

నాలుగో నవల రాసినాయన మధ్యలో నాలుగు పేజీలు ఖాళీ వదిలి, తర్వాత పంపుతానని పత్తా లేకుండా పోయాడట. ప్రెస్సువాళ్ళు నెత్తిన కూర్చున్నారు. టైపు చేస్తున్న మాస్టారి భార్య, "ఉండండి, నేను నింపుతా" అని ఒక్క పూటలో ఆ నాలుగు పేజీలు కొట్టేసింది. ఇస్త్రీ ఆవిడ అలా పుట్టింది. యజమానికి కూడా తెలియదు. రెండేళ్ళకి ఆరో నవల టైపుకొచ్చింది, అందులో ఇంకెవరో ఆవిడని చంపేశారు. "నా మనిషిని నాకొక్క మాట చెప్పకుండా చంపేస్తారా!" అని మాస్టారి భార్య ఇంటికి వెళ్ళేదాకా తిట్టిందట, తిడుతూ నవ్విందట. ఆ రాత్రి అన్నం దగ్గర మాస్టారితో రెండు నిమిషాలు మౌనం కూడా పాటింపజేసిందట.

ఎనిమిది నెలలకి మాస్టారి భార్యే పోయింది. మాస్టారు పదిహేను రోజుల తర్వాత పనిలోకి వచ్చేసరికి బల్లమీద తొమ్మిదో నవల ప్రూఫులు ఉన్నాయి. దాన్ని రాసినాయన నాలుగోది చదివాడు, ఆరోది చదవలేదు. ఇస్త్రీ ఆవిడ నిక్షేపంగా పెట్టె వేడి చేసుకుంటూ మాట్లాడుతోంది.

"కొట్టేయాలని పెన్ను తీశానమ్మాయ్. చెయ్యి రాలేదు," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. బాత్రూముకి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చాను. పన్నెండేళ్ళు ఎదురుగా కూర్చుని, ఆదివారాలు కూడా ఆఫీసేమిటి, ఇంట్లో గోళ్ళు గిల్లుకోవచ్చు కదా అని వేళాకోళం ఆడిన నా నోటిని ఏం చేయాలో తెలియలేదు.

బుధవారం ఆయన గేముల అమ్మాయికి ఫోన్ చేశారు. పేలే ముందు ఇస్త్రీ ఆవిడ చేత ఒక్క మాట అనిపించగలరా అని అడిగారు. ఆ పిల్ల నిజంగానే బాధపడింది. పేలుడు తొమ్మిది సెకన్లు, అందులో వెలుగూ శబ్దమే తప్ప మనుషులు కనిపించరని చెప్పింది. "అలాగేనమ్మా, ఫరవాలేదు," అని ఈయనే ఆ పిల్లని ఓదార్చి ఫోన్ పెట్టేశారు. గురువారం మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళిపోయారు. అలా వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు.

శుక్రవారం పొద్దున్న నేను వచ్చేసరికి చీటీ నా బల్లమీద ఉంది. ఏ చీటీ అయినా ఇద్దరు చూడాలి, కింద రెండో సంతకం నాది. అలవాటుగా తప్పుల కోసం చదివాను.

'ఇస్త్రీ ఆవిడ ఆరో నవల, 211వ పేజీలో చనిపోయింది. తొమ్మిదో నవలలోనూ, ఆ తర్వాత వచ్చిన పుస్తకాల్లోనూ, గేముల్లోనూ ఆవిడ కనిపించడం నా పొరపాటు.'

నేను విరుచుకుపడ్డాను. "ఇదేమిటి మాస్టారూ! అచ్చయితే జరిగినట్టే అన్నది మీరు కాదూ? ముప్ఫయ్యేళ్ళలో ఎవరి తప్పునీ తప్పు అనలేదు మీరు. గొట్టానికి నాలుగో తలుపు పెట్టిన మహానుభావుణ్ణి కూడా వెనకేసుకొచ్చారు. ఇప్పుడు మీ పేరు మీద మీరే పొరపాటని రాసుకుంటారా? ఇన్నేళ్ళూ ఆవిడ అన్న మాటలన్నీ అబద్ధమైపోవా?"

"పోతాయి," అన్నారు.

"మరి ఎందుకు? పేలినప్పుడు లోపలే ఉందని రాయండి. కనీసం ఇన్నాళ్ళు బతికినట్టయినా ఉంటుంది."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఆరో నవలలో ఆవిడ పోయినప్పుడు మా ఇంట్లో మనిషి ఉందమ్మాయ్. చదివింది, తిట్టింది, నవ్వింది, నా చేత మౌనం పాటింపజేసింది. ఇప్పుడు ఆ తొమ్మిది సెకన్లలో పోతే తిట్టడానికి ఎవరున్నారు? నేనొక్కణ్ణే కూర్చుని చూడాలి. అలా వద్దు. అప్పుడే పోయింది, అదే బాగుంది."

చీటీ ఇంకోసారి చదివాను. దిద్దడానికి ఏమీ లేదు. సంతకం పెట్టాను. ఆయన దాన్ని కవరులో పెట్టి, జిగురు రాసి, అంచులు వేలితో నెమ్మదిగా ఒత్తారు.

కవరు తీసుకెళ్ళే మనిషి వచ్చి వెళ్ళాక, నా వైపు తిరిగి, అప్పుడే అందిన కబురు చెబుతున్నట్టు, "మా ఆవిడ పోయి పదహారేళ్ళయిందమ్మాయ్," అన్నారు.

"తెలుసు మాస్టారూ," అన్నాను.

"అందరికీ తెలుసు. నేనే ఎవరికీ చెప్పలేదు," అని, చిన్నపిల్లాడిలా ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చారు. నేను కుర్చీ లాక్కుని వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. ఆవిడ ఎలా ఉండేదని అడిగాను. సాయంత్రం దాకా ఆయన చెబుతూనే ఉన్నారు, నేను ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు.