దర్జీగారి తెడ్డు

మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. అందుకే దర్జీగారి మాటంతా నోటి మూల నుంచే వస్తుంది. రోజూ కొట్టు తెరిచే ముందు నదిలో చిన్న పడవ వేసుకుని వెళ్తాడు. పాట అందుకుంటే ఒళ్ళు తెలియదు. ఒక పక్కకే తెడ్డు వేస్తూ గిరగిరా తిరిగి బోల్తా కొడతాడు. పడవ పట్టుకుని ఒడ్డెక్కేసరికి ఏదో ఒకటి కొట్టుకుపోయి ఉంటుంది. "ఇంకొక్కటి పోగొట్టుకొచ్చారో, ఆ పడవ పొయ్యిలోకే!" అని భార్య తెగేసి చెప్పిన మర్నాడే తెడ్డు పోయింది.

దిగువన బాతులు పెంచే ఆవిడకి ఏదో తెడ్డు దొరికిందని కొట్లో ఎవరో అనగానే, సూదులు నోట్లో ఉండగానే పరుగు తీశాడు. ఆవిడెవరో ముక్కూమొహం తెలియదు. "మీదేనని గుర్తేంటండీ?" అంది.

"పిడికి ఎర్ర మఖమల్ గుడ్డ. నా చేతి కుట్టే!"

ఆవిడ నవ్వాపుకుంటూ కొట్టం తలుపు తీసింది. తెడ్డు పక్కనే అతని టోపీ, ఒంటి చెప్పు, నీళ్ళ సీసా సంచీ. అన్నిటికీ అదే ఎర్ర గుడ్డ. మూలన అతని లైఫ్ జాకెట్ మీద ఒక బాతు గుడ్లు పొదుగుతోంది.

"అదొక్కటీ గుడ్లు పిల్లలయ్యాక ఇస్తాను."

దర్జీ సూదులు అరచేతిలోకి ఊసి పకపకా నవ్వాడు. తెడ్డుని చంటిపిల్లలా ఎత్తుకున్నాడు.

ఆవిడ ఇంట్లోకి కేకేసింది. "ఏమండోయ్! సామానంతా వచ్చింది, మనిషెప్పుడు కొట్టుకొస్తాడా అని చూస్తున్నాం కదా... ఆయన నడిచే వచ్చారు!"