గోడకు ఆనించిన గిటార్

సిస్టరమ్మ పోయారన్న కబురు మా వీధి చివర కిరాణా కొట్టు ఫోనుకు వచ్చింది. పొద్దుటి డ్యూటీ దిగి, దవాఖానలో నర్సుల గదిలో చెప్పులు మార్చుకోవడానికి కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదట. కొట్టాయన స్వయంగా వచ్చి మా తలుపు కొట్టాడు. "ఏమన్న అయితే చెప్పుమని ఆమె దవాఖానల రాసిచ్చిన కాగితంల నీ పేరే ఉన్నదంటమ్మా" అన్నాడు.

నేను ఆమెకు చుట్టాన్ని కాను. చందానగర్‌లో మేము కిరాయికుండే ఇంట్లో పక్క పోర్షన్ ఆమెది. మా మధ్య ఉన్నది ఒక గోడ. ఆ గోడ సంగతే మీకు చెప్పాలి.

పెళ్ళయి మెదక్ దిక్కు నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. ఏడో తరగతితో బడి మానేశాను. కాలనీలో చూస్తే టీచర్లు, బ్యాంకు వాళ్ళు, కంప్యూటర్లు నేర్చుకునే పిల్లలు. నోరు తెరిస్తే నవ్వుతారేమోనని భయం. మా ఆయన హైటెక్ సిటీ వైపు కొత్తగా లేస్తున్న బిల్డింగుల్లో వైరింగ్ పనికి పొద్దున్నే వెళ్ళిపోయేవాడు. రోజూ మధ్యాహ్నం మూడింటికి గోడలోంచి చప్పుడు వచ్చేది. టిక్కుటిక్కుమని కాసేపు, గీరినట్టు కాసేపు, ఉన్నట్టుండి పరుగెత్తినట్టు ఇంకాసేపు.

"గోడల ఎలుక సొచ్చింది" అని మా ఆయనకు చెప్పాను. ఆయన బోను తెచ్చి, కాల్చిన కొబ్బరి ముక్క తగిలించి గోడ వారగా పెట్టాడు. నాలుగు రోజులు కొబ్బరి మార్చాం. ఏదీ పడలేదు. చప్పుడు మాత్రం రోజూ సరిగ్గా మూడింటికే వచ్చేది.

"ఈ ఎలుక చేతికి గడియారం ఉన్నట్టున్నదే" అన్నాడు మా ఆయన.

ఐదోరోజు బోను కడుగుదామని నల్లా దగ్గరికి వెళితే సిస్టరమ్మ బట్టలు పిండుతున్నారు. గుంటూరు వైపు మనిషి, నలభై అయిదేళ్ళుంటాయి, సన్నగా ఉంటారు. "ఎలుకలున్నాయా అమ్మాయ్ మీ ఇంట్లో?" అని అడిగారు.

"గోడల... రోజు మూడు గొట్టంగ... మీ దిక్కుకెళ్ళే..." మిగతాది మింగేశాను.

ఆమె నా వైపు, బోను వైపు మార్చి మార్చి చూశారు. చేతిలోని తడి చీర బకెట్లో పడేసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. "ఆ ఎలుకని నేనేనమ్మా. రా, చూద్దువుగాని."

లోపల మంచం మీద ఎర్రటి కరెంటు గిటార్ ఉంది. స్పీకరు డబ్బాకు తగిలిస్తేనే దాని గొంతు బయటికి వస్తుందట. ఆ డబ్బా మంచం కింద దుప్పటి కప్పుకొని ఉంది. ఒక్కసారి పెట్టి వాయించినందుకే ఓనరమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఏంది సిస్టరమ్మా, ఇది ఇల్లా, బారాత్ బండా? ఇగ ఆ డబ్బా మోగితే ఇల్లు ఖాళీ చెయ్యాలె" అన్నదట. డబ్బా లేని గిటార్ మా ఇంటి దగ్గరి హైవే మీది లారీల మోతలో వాయించేవాళ్ళకే వినపడదు. అందుకని సిస్టరమ్మ గిటార్ తలను గోడకు ఆనించి వాయించేవారు. చెక్కలోని అదురు గోడలోకి పాకి, గోడే పలికేది. రోజూ ఒకే చోట ఆనించడంతో సున్నం మీద రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ పడింది.

"గోడకి అవతల మనుషులుంటారన్న సంగతే మర్చిపోయాను" అన్నారు.

నర్సింగు చదివేటప్పుడు హాస్టల్లో ప్రార్థన పాటల కోసం ఉంచిన మామూలు గిటార్ మీద నేర్చుకున్నారట. తర్వాత ఎవరో ఇచ్చిన క్యాసెట్లో రాక్ సంగీతం విని, "నాకు ఇలా గట్టిగా అరిచే గిటార్ కావాలి" అనుకున్నారట. సికింద్రాబాద్ రైల్వే క్వార్టర్స్‌లోని ముగ్గురు మగవాళ్ళతో కలిసి బ్యాండు పెట్టారు. చర్చిలో పెద్దలు కరెంటుది వద్దన్నారు. ప్రోగ్రాములు పెట్టేవాళ్ళు "మేడమ్ పాడితే బాగుంటుంది, వాయించడమెందుకండీ" అన్నారు. మరి పెళ్ళి చేసుకోలేదా అని మా వీధి ఆడవాళ్ళు అడిగితే ఆమె చెప్పిన జవాబు మా వీధంతటికీ తెలుసు. "అయిందండీ. ఆయనకి ఇంట్లో నిశ్శబ్దం కావాలన్నారు. ఇచ్చేసి వచ్చేశాను."

ఆ రోజు నుంచి మూడింటికి నేను బియ్యం చాట పట్టుకొని గోడ పక్కనే కూర్చునేదాన్ని. ఒక్కోసారి ఆమె గదికే వెళ్ళేదాన్ని. ఆమె మాటల్లో నాకు ఎక్కువగా గుర్తుండేది ఒకటుంది. "సగం నొక్కితే తీగె మూలుగుతుందమ్మా. నొక్కితే పూర్తిగా నొక్కు, లేదా వదిలెయ్." ఇది గిటార్ సంగతి. కానీ నేను ఏదైనా చెప్పబోయి మధ్యలో ఆపేస్తే, "చూశావా, మళ్ళీ సగమే నొక్కావ్" అనేవారు.

ఆమెకు షుగరు ఉండేది. పరీక్షకు ఎప్పుడూ కుడి చేతి వేలే ఇచ్చేవారు. ఎడమ చేతి వేళ్ళు తీగెలు నొక్కీ నొక్కీ కాయలు కాసి ఉండేవి, సూది దిగేది కాదు. ఆ గట్టి వేళ్ళకే జబ్బు వచ్చింది. పోయినేడు ఎండాకాలంలో ఎడమ చేతి ఉంగరం వేలికీ, చిటికెన వేలికీ స్పర్శ తగ్గుతూ వచ్చింది. నరాలు దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పారు. సరిగ్గా అప్పుడే, చాలా ఏళ్ళ తర్వాత, వాళ్ళ బ్యాండుకు పిలుపు వచ్చింది. మాదాపూర్‌లో కొత్తగా తెరిచిన ఒక కంపెనీ వార్షికోత్సవం. రెండు నెలల గడువు.

"నా జన్మలో ఇదే ఆఖరిది కావచ్చమ్మా. వేలు నొక్కిందో లేదో నాకు తెలియట్లేదు. నువ్వు గోడకి చెవి పెట్టి విను. బాగా పలికితే ఒకసారి తట్టు, మొద్దుగా పలికితే రెండుసార్లు."

"నాకేం తెలుసు సిస్టరమ్మా సంగీతం?"

"కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తావు కదా? పగిలింది తెలుస్తుందా లేదా? అంతే."

రెండు నెలలు నేను గోడ తట్టాను. మొదట్లో అన్నీ రెండేసి దెబ్బలే. ఆమె విసుక్కోలేదు. అటువైపు వాయింపు ఆగి, మళ్ళీ అదే చోటు నుంచి మొదలయ్యేది. రాను రాను ఒంటి దెబ్బలు పెరిగాయి.

ప్రోగ్రాముకు నన్నూ మా ఆయన్నీ తీసుకువెళ్ళారు. ఎదురుగా నిల్చొని, బాగుంటే ఒక వేలు, మొద్దుగా ఉంటే రెండు వేళ్ళు చూపించమన్నారు. సాయంత్రం, షామియానా కింద మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు వందల్లో ఉన్నారు. పాట మొదలైంది. డ్రమ్ములు వినపడుతున్నాయి, పాడేవాడు వినపడుతున్నాడు. సిస్టరమ్మ చెయ్యి ఆడుతోంది కానీ గిటార్ వినపడటం లేదు. ఆమె నా వైపు చూశారు. ఒక వేలు చూపాలా, రెండా? రెండూ కాదు. అసలేమీ లేదు. ఆమె ముఖం వాడిపోవడం చూశాను. తన వేళ్ళే ఓడిపోయాయనుకున్నారు.

సౌండు పెట్టె దగ్గర ఒకతను కూర్చున్నాడు. మా ఆయన టీ కోసం వెళ్ళాడు. నేనే వెళ్ళాను. "అన్నా..." అన్నాను. నాకే వినపడలేదు. సగమే నొక్కాను. ఇంకోసారి గట్టిగా, "అన్నా! ఆమె గిటార్ ఇనవడ్తలేదు. జర పెంచు!" అన్నాను.

అతను తల తిప్పాడు. "ఆమెదా? ఊకె చూపుకు పట్టుకున్నదేమో అనుకున్న అక్కా. దాన్ని తెరువనే లేదు."

"పట్టుకునుడు కాదు, వాయిస్తున్నది. రెండు నెలల సంది నేను రోజు ఇంటున్న."

అతను ఒక మీట పైకి తోశాడు. అంతవరకూ ఆ వాద్యం చప్పుడు నాకు ఎలుకంతే తెలుసు. అది ఒక్కసారిగా షామియానా గుంజల్ని పట్టుకొని ఊపినట్టయింది. నా పక్కటెముకల్లో అదిరింది. పిల్లలు కుర్చీల్లోంచి లేచారు. సిస్టరమ్మ ఉలిక్కిపడి, నన్ను సౌండు పెట్టె పక్కన చూసి, అంతా అర్థమై, పెద్దగా నవ్వారు. మూడో పాటలో ఉంగరం వేలు జారింది. రెండు వేళ్ళు చూపించాను. తల ఊపి, అదే వరుసను పక్క వేలితో అందుకున్నారు.

దిగి వచ్చాక నా భుజం పట్టుకొని అన్నది ఒకటే మాట: "ఇవాళ పూర్తిగా నొక్కావమ్మాయ్."

తర్వాత ఆ రెండు వేళ్ళూ మొత్తానికే మొద్దుబారాయి. "ఇంకా రెండున్నాయి కదా, వాటికి సరిపడా పాటలు బోలెడు" అని మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నారు. ఆ సాయంత్రం ఆమెను చూసిన నలుగురు అమ్మాయిలు ఆదివారాలు నేర్చుకోవడానికి వచ్చేవారు. ఒక దెబ్బా రెండు దెబ్బల లెక్క వాళ్ళకూ చెప్పారు. హఫీజ్‌పేట్ నుంచి రైలెక్కి వచ్చే ఒకమ్మాయికి ఓపిక ఎక్కువ. గిటార్ ఆ పిల్లకే ఇవ్వాలని దవాఖానలో రాసిచ్చిన ఆ కాగితంలోనే ఉందట.

నిన్న ఓనరమ్మ సున్నం వేయించడానికి మనిషిని పిలిచింది. "గోడ మీద ఆ మచ్చ ఉన్నకాడ ఇడిశిపెట్టుండ్రి" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఏంది, నీకు గూడ నోరొచ్చిందా!" అంది. తర్వాత గొంతు తగ్గించి, "సరే తియ్, అంతమట్టుకు వదిలేస్తడు" అంది.

హఫీజ్‌పేట్ అమ్మాయి ఇవాళ మధ్యాహ్నం వచ్చింది. నేను తాళం తీసి ఇచ్చి మా ఇంట్లోకి వచ్చేశాను. ఖాళీ గదిలో ఆమెను ఒంటరిగా ఉండనిద్దామనుకున్నాను. కాసేపటికి గోడ పలికింది. గిటార్ తల ఆ మచ్చ మీదే ఆనించి ఉంటుంది. మెల్లగా, భయం భయంగా, మూడో తీగె దగ్గర మొద్దుగా.

నేను రెండుసార్లు తట్టాను.

అటువైపు వాయింపు ఆగింది. తర్వాత అదే చోటు నుంచి మళ్ళీ మొదలైంది.