షావుకారుకి మా అత్తగారు వేసిన విస్తరి

మా అత్తగారు పోయారు. ఈ నెల మొదట్లో ఒక తెల్లవారుజామున, పెరట్లో గేదె అరుస్తుండగా, నిద్రలోనే వెళ్ళిపోయారు. ముందురోజు సాయంత్రం కూడా చెత్తబుట్టలోకి తొంగి చూసి, "కొత్తిమీర కాడలు పారేశావేమమ్మాయ్, చారులోకి పనికొచ్చేవిగా" అని నన్ను నిలదీశారు. అందుకే పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెప్పాను: మంచాన పడలేదు, తెలివి తప్పలేదు, ఆవిడ నిక్షేపంగా ఉండగానే వెళ్ళారని.

మాది దర్శి దగ్గర పల్లె. మిరప, పత్తి, గట్ల మీద కాస్త కంది. నేను పుట్టి పెరిగింది మాత్రం చీరాలలో. మా నాన్న రోజూ పొద్దున్నే సైకిలేసుకుని వెళ్ళి సంచీ నిండా కూరగాయలు తెచ్చేవాడు. కూర అంటే బజారు నుంచి వచ్చేదనే అనుకుంటూ పెరిగాను. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు బీరకాయలు చెక్కి, ఆ పొట్టంతా తీసుకెళ్ళి గేదె ముందు వేశాను. మా అత్తగారు పరుగున వచ్చి, గేదె మూతిని పక్కకి నెట్టి, పొట్టు కొంగులోకి ఎత్తుకున్నారు.

"దానికి గడ్డుందమ్మాయ్. మనకేముందీ?" అన్నారు.

గేదే నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆవిడ ఆ పొట్టుని శుభ్రంగా కడిగి, ఇన్ని పచ్చిమిరపకాయలేసి మగ్గించి, చింతపండు పెట్టి రోట్లో నూరారు. వేడన్నంలో కలిపి మొదటి ముద్ద నా చేతిలోనే పెట్టారు. అప్పటినుంచి నా దృష్టిలో బీరకాయంటే పొట్టే, లోపలున్న కాయ కొసరు.

ఆవిడ చేతిలో పడితే పారేసే వస్తువంటూ ఉండేది కాదు. పుచ్చకాయ కోస్తే ఎర్రటి గుజ్జు మనది, తెల్లటి కండ పప్పులోది. తోటకూర ఆకు ఒక పూటకి, కాడలు పులుసుగా ఇంకో పూటకి. ఎండాకాలంలో గోరుచిక్కుళ్ళు, వంకాయలు డాబా మీద ఎండబెట్టి వరుగులు చేసేవారు. మిరపకాయలు కోశాక మేలుకాయ బస్తాల్లోకి, రంగు పోయిన తాలుకాయ మా ఇంటి కారంలోకి. "రంగు చూసేవాడు కొంటాడు, రుచి చూసేవాళ్ళం మనం తింటాం" అనేవారు. నాకైతే అది కొన్నాళ్ళు కడుపుమంటగానే ఉండేది, రెండు రకాలుగానూ.

అయితే ఆవిణ్ణి పిసినారి అంటే నేను ఊరుకునేదాన్ని కాదు. మిరపకాయ కోతకి వచ్చిన ఆడవాళ్ళకి మజ్జిగలో నీళ్ళు పోసి పలచన చేస్తే ఆవిడకి కోపం వచ్చేది. "పొదుపు మన కంచంలో చెయ్యాలమ్మాయ్, ఎదుటివాళ్ళ కంచంలో కాదు." ఈ మాట ఆవిడ నోటివెంట ఎన్నిసార్లు విన్నానో.

ఇక అసలు సంగతికి వస్తాను. నాకు పెద్దపిల్ల పుట్టిన మరుసటేడు మిరప విరగకాసింది. మా ఒక్కళ్ళకే కాదు, అందరికీ. ఇంకేముంది, రేటు కాస్తా కుప్పకూలింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారే, అదే. మామయ్యగారు బస్తాలన్నీ గుంటూరు తీసుకెళ్ళి కోల్డ్ స్టోరేజీలో పెట్టి వచ్చారు. రేటు లేచేదాకా ఆగితే అందరం గట్టెక్కుతాం. ఆ ధరకే తెగనమ్మితే మాత్రం పెట్టుబడి అప్పు తీరాలంటే రేగడి చేను పోవాల్సిందే. ఇంట్లో అందరి అన్నమూ ఆ చేనిదే.

ఆగడం అంటే మాటలు కాదు. రైతు చేత కాయ అమ్మించేది షావుకారు కాదు, వంటిల్లు. ఉప్పు లేదు, పప్పు లేదు అంటూ వంటింట్లోంచి రోజూ ఒక కేక వస్తుంటే ఏ మగాడైనా ఎన్నాళ్ళు ఆగుతాడు? మా వీధిలో ఒక్కొక్కళ్ళూ అలాగే అమ్మేసుకున్నారు. మామయ్యగారు కూడా ఒకరోజు అరుగు మీద కూలబడి, "ఇక నావల్ల కాదే" అన్నారు.

"మీరు బస్తాల సంగతి చూడండి. పొయ్యి సంగతి నాకొదిలెయ్యండి" అన్నారు మా అత్తగారు. "ఉప్పూ నూనె తప్ప కొట్టు నుంచి ఏదీ గడప దాటి రాకూడదు. రానివ్వను."

రానివ్వలేదు కూడా. పిండి కొద్దీ రొట్టె అంటారు గానీ, ఆవిడ పిండి లేనప్పుడు కూడా రొట్టె తీసిన మనిషి. కంది మాదే, పాడి మాదే. మిగతాది పెరడు, చేనుగట్టు, డాబా మీద ఎండిన వరుగులు, ఎడ్లకి ఉడకేసిన ఉలవల నుంచి వార్చిన నీళ్ళు. బజారు సంచీ చిలక్కొయ్యకి వేలాడుతూ దుమ్ము పట్టింది. ఎవరి మొహమూ వాడకుండా ఎండాకాలం దాటించారు.

శ్రావణమాసంలో షావుకారు వస్తున్నాడని కబురొచ్చింది. గుంటూరు నుంచి వచ్చి ఊళ్ళో మిర్చి కొనే మనిషి. ఆయనకో అలవాటుండేది, ఎప్పుడూ సరిగ్గా భోజనాల వేళకే దిగేవాడు. మర్యాద తెలియక అనుకునేదాన్ని నేను. మా అత్తగారు నవ్వారు.

"ఆయన కాయ చూట్టానికి రాడమ్మాయ్, మన కంచం చూట్టానికొస్తాడు. కంచంలో పచ్చడి మెతుకులు కనపడ్డాయో, వీళ్ళకి అవసరం ముంచుకొచ్చిందని రేటు ఇంకా తగ్గిస్తాడు. ఎదురింటి వాళ్ళ కాయ అట్టాగే పోయింది."

"మరి మన దగ్గరేముంది అత్తయ్యా?"

"ఇంటిగుట్టు లంకకు చేటు. నోరు మూసుకుని పెరట్లోకి పద."

ఆరోజు వంటింట్లో జరిగింది చూసినదాన్ని నేనొక్కదాన్నే. గెల తీసేసిన అరటిచెట్టు కొట్టుకొచ్చి, లోపలి దూటని సన్నగా తరిగి ఆవపెట్టారు. కాలవ గట్టున కోసుకొచ్చిన పొన్నగంటికూరతో పప్పు. గోరుచిక్కుడు వరుగుల వేపుడు. ఉలవచారు, దాని మీదికి గట్టి మీగడ. పండుమిరప పచ్చడి, మజ్జిగ మిరపకాయలు, కందిపొడి. బియ్యం చెరిగితే వచ్చిన నూకలతో, ఇంటి పాలు పోసి, డబ్బా అడుగున మిగిలిన బెల్లం గీకి పరమాన్నం. అన్నిటికంటే పైన, విస్తరికి కుడిచేతి వైపు, ముందురోజు బీరకాయల పొట్టుతో పచ్చడి. ఆ అరటిచెట్టు ఆకులే విస్తళ్ళయ్యాయి.

షావుకారు కూర్చున్నాడు. విస్తరి చూశాడు. మామయ్యగారి విస్తరి కూడా చూశాడు. రెండూ ఒకటే.

"ఏంటమ్మా, ఇవాళ ఏదన్నా విశేషమా?"

"విశేషమేముంది అన్నయ్యగారూ, రోజూ ఉండేదే" అన్నారు మా అత్తగారు, నెయ్యి వడ్డిస్తూ. పైగా, "ఇవాళ మీరొస్తారని ముందే తెలిస్తే ఏదో ఒకటి చేసేదాన్ని" అని కూడా అన్నారు. నేను తలుపు చాటున నోట్లో కొంగు కుక్కుకున్నాను.

చారులోకి వచ్చాక షావుకారు ఒక రేటు చెప్పాడు. మామయ్యగారు నోరు తెరవబోయారు. "ఏమండీ, మీగడేసుకోండి" అని ఆవిడ గరిటె అడ్డం పెట్టారు. పరమాన్నం దగ్గర షావుకారు ఇంకాస్త పెంచాడు. మామయ్యగారు మళ్ళీ నోరు తెరిచారు. "ముందు భోంచెయ్యనివ్వండి అన్నయ్యగార్ని. వ్యాపారాలెక్కడికి పోతాయి?" అంటూ గడ్డపెరుగు వేశారు. ఆయన చేతులు కడుక్కుని, తాంబూలం వేసుకుని, బేరం కుదరకుండానే బండెక్కాడు.

ఆయన వీధి మలుపు తిరిగాక మా అత్తగారు పొయ్యి ముందు చతికిలబడి కొంగుతో మొహం కప్పుకున్నారు. నవ్వారో ఏడ్చారో ఇప్పటికీ చెప్పలేను. మాకు మిగిలింది అన్నమూ మజ్జిగా. ఆ పూట తిన్నంత హాయిగా నేను నా పెళ్ళిలో కూడా తినలేదు.

దసరా దాటాక రేటు లేచింది. మామూలుగా కాదు, మామయ్యగారు మిర్చి యార్డు నుంచి ఫోన్లో అదే అంకె మళ్ళీ మళ్ళీ చెప్పేంతగా. అప్పు తీరింది. రేగడి చేను మాకే ఉంది, ఈ ఏడు కూడా అందులో మిరపే. మామయ్యగారు ఆ ఆనందంలో దర్శిలో ఆగి పెద్ద సంచీడు కూరగాయలు కొనుక్కొచ్చారు. అత్తగారు సంచీలోకి చూసి, "ఈ బీరకాయలు ముదురు. చూసుకోకుండా ఎట్టా కొన్నారండీ?" అన్నారు. అదీ ఆవిడ విజయోత్సవం.

గుంటూరులో చదువుకునే మా చిన్నది ఒకసారి సెలవులకొచ్చి, తన రూముకి పది నిమిషాల్లో సరుకులు తెచ్చిచ్చే ఫోను విద్య చూపించింది. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని అంతా శ్రద్ధగా చూశారు. "పది నిమిషాలా? ఈలోపు నేను పెరట్లోకెళ్ళి వచ్చి తాలింపు కూడా పెడతానే" అన్నారు. మనవరాలు పందెం కాసింది. ఓడిపోయింది. ఇప్పుడు దాని రూము కిటికీలో కుండీ నిండా కొత్తిమీర ఉంది, కాడలతో సహా వాడుతోంది.

మొన్న పెద్దకర్మకి వంటవాళ్ళని పెట్టారు. నేను వద్దనలేదు గానీ, వాళ్ళు బీరకాయలు చెక్కుతుంటే పక్కన పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. ఆ పొట్టుతో నేనే పచ్చడి నూరి, అన్ని విస్తళ్ళలోనూ నేనే వడ్డించాను.

పంక్తి చివర షావుకారు కూర్చున్నాడు. ముసలివాడయ్యాడు, వ్యాపారం కొడుకు చూసుకుంటున్నాడట. పచ్చడి నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"అమ్మా, ఇదే పచ్చడి. ఆరోజు మీ అత్తగారు వడ్డించింది. ఏం పచ్చడో అడుగుదామని ఇన్నేళ్ళనుంచీ అనుకుంటానే ఉన్నా."

"బీరపొట్టండీ."

"పొట్టా?" అన్నాడు. వేలితో ఇంకాస్త తీసి నాలిక్కి రాసుకున్నాడు. "ఆరోజు ఆ విస్తరి చూసి నేను గుంటూరెళ్ళి మావాళ్ళతో చెప్పానమ్మా. వాళ్ళింట్లో మామూలు రోజునే పరమాన్నం వండుకుంటన్నారు, వాళ్ళు ఇప్పట్లో అమ్మరు, ఆశ వదులుకోండని. మరి ఆ బీరకాయేమైంది?"

"కాయ ముందురోజు తినేశామండీ. మీరొచ్చేటప్పటికి ఇంట్లో ఉన్నది పొట్టే."

ముందు ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యాక మొదలైంది నవ్వు. పెద్దకర్మ భోజనాల్లో అంత పెద్దగా నవ్విన మనిషిని మా ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. పంక్తి అంతా చేతులాపి తిరిగి చూసింది. కళ్ళవెంట నీళ్ళు కారుతుండగా ఆయన గోడ మీది ఫోటో వైపు తిరిగి, ఎంగిలి చేత్తోనే దణ్ణం పెట్టాడు. "గెలిచావమ్మా" అన్నాడు. ఆ తర్వాత నావైపు తిరిగి, "ఇంకాస్త వెయ్యి తల్లీ, ఆ పొట్టే" అన్నాడు.

వేశాను. ఆయన లేచి వెళ్ళాక ఆగి, ఆ విస్తరి చూశాను. ఆరోజు మా విస్తరి ఆయన చూశాడు కదా, ఈసారి నా వంతు వచ్చింది. తుడిచినట్టుంది. గేదె ముందు వెయ్యడానికి ఒక్క మెతుకు కూడా మిగల్లేదు.