పడిపోయినా రెండో స్థానమే

మా ఊళ్లో మట్టి ట్రాకు మీద బైకు రేసులు నడిపే స్పీడ్‌వే క్లబ్బులో రైడర్లకు డబ్బులిచ్చేది ఎడ్నా ప్రౌట్. వాళ్లకు జీతాలుండవు, ఎన్ని పాయింట్లు తెస్తే అంత డబ్బు. బైకు రిపేర్లు కూడా వాళ్లే పెట్టుకోవాలి.

ఒక శనివారం రెండో స్థానంలో ఉన్న కార్ల్ అనే రైడర్, ఎదుట పడిపోయిన ప్రత్యర్థిని తొక్కకుండా తన బైకును కంచెకేసి తిప్పేసి, పడి చేతికి దెబ్బ తగిలించుకున్నాడు. రేసు మళ్లీ పెట్టారు గాని అతని బైకు కదల్లేదు. పాయింట్లు సున్నా. అయినా ఎడ్నా కవరు చేతికిచ్చింది.

"పొరపాటు పడ్డారు ఎడ్నా గారూ, నాకేం రాదు."

"రెండో స్థానానికి ఎంతో అంతే ఇచ్చాను. ముందెళ్లి ఆ చెయ్యి చూపించుకో."

సంగతి తెలిసి క్లబ్బు యజమాని వచ్చాడు. "వానలకు జనమే రావట్లేదు, ఇదెక్కణ్ణుంచి తేను?"

"నా జీతంలో పట్టుకోండి."

"సగం నా ఖాతాలో రాసెయ్" అని ఆయన టీ పెట్టడానికి వెళ్లాడు.